గుడ్లగూబను తరిమే ముందు చెట్టు కింద ఒకసారి చూడండి

బెంగళూరు మారతహళ్లి వైపు మన తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గుడ్లగూబ చేరితే పిల్లికూనలను ఎత్తుకుపోతుందట, దానికి పగలు కళ్లు కనబడవు కాబట్టి అప్పుడే తరిమేయాలట, అది కక్కే ముద్దలు రోగానికి గుర్తట, ఎలుకల సంగతి మందు చూసుకుంటుందట. చదివితే కోపం వస్తోంది, ఎందుకంటే నమ్మి కర్ర పట్టుకునేవాళ్లు ఉంటారు.

పిల్లికూనల మాటకొస్తే, బెంగళూరులో లాల్‌బాగ్ నుంచి మన వీధి చెట్ల దాకా ఎక్కువగా కనబడేది మచ్చల గుడ్లగూబ. పొడవు 21 సెంటీమీటర్లు, అంటే గోరింక కంటే కాస్త చిన్నదే. మిడతలు, పెంకు పురుగులు, బల్లులు, చిట్టెలుకలు, అప్పుడప్పుడు చిన్న పిట్టలు, ఇవీ దాని తిండి. పాత బిల్డింగుల్లో ఉండే తెల్లమొహం గుడ్లగూబ పెద్దదే గానీ, దానికి కావలసింది ముఖ్యంగా ఎలుకలు, చుంచులు.

ఇక ఆ ముద్దలు. అది రోగం కాదండీ, అరుగుదలలో భాగం! గుడ్లగూబ చిన్న జంతువును అలాగే మింగేస్తుంది, మాంసం అరిగిపోతుంది, అరగని ఎముకలు, వెంట్రుకలు, పురుగుల పెంకులు కడుపులోనే గట్టి ఉండలా అయి నోటి గుండా బయటికొస్తాయి, అందుకే అది ఏం తిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కూడా ఈ ఉండలనే ఏరుకుంటారు. మీరూ చూడొచ్చు. గ్లవ్స్, మాస్క్ వేసుకుని ఒక ఉండ తెచ్చి, నీళ్లలో నానబెట్టి పట్టకారుతో విడదీయండి. ముందు పళ్లు పసుపు నారింజ రంగులో ఉండి, వాటి వెనక ఖాళీ కనబడితే అది ఎలుక దవడ, సన్నటి మొనదేలిన పళ్లు వరసగా ఉంటే చుంచు. మచ్చల గుడ్లగూబ ఉండలో అయితే పురుగుల రెక్కల పెంకులు మెరుస్తూ కనబడతాయి. పిల్లలకు చూపించండి, సెలవు రోజు ఇట్టే గడిచిపోతుంది.

దానికి పగలు కళ్లు కనబడవన్నది ఉత్త అబద్ధం, మచ్చల గుడ్లగూబ పట్టపగలు కూడా కొమ్మ మీద కూర్చుని మనల్నే చూస్తుంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరం మందు సలహా. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది, అదే గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది, విషం దానికీ ఎక్కుతుంది. చెత్తడబ్బాలకు మూతలు పెట్టించండి, బోను పెట్టండి. గుడ్లగూబలను పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమని కూడా ఆ మెసేజ్ పంపినవాళ్లకు చెప్పండి.