మ.రా.రా.శ్రీ వొసే గారికి

పోర్చుగీసులో 'నువ్వు', 'మీరు'ల పని చేసే సర్వనామం, మహారాజరాజశ్రీ వొసే గారి సముఖమునకు,

తమరి అసలు పేరు 'వొసా మెర్సే' అని, అంటే 'తమరి అనుగ్రహం' అని, ఒకప్పుడు పోర్చుగల్ రాజుగారినే అలా సంబోధించేవారని ఆలస్యంగా తెలిసింది. తర్వాత దొరలకు కావలసివచ్చింది, ఆపైన వర్తకులకు, చివరికి ఎవరు పడితే వారికి. నోళ్లలో నలిగి నలిగి తమరు వొసెమెసే, ఆనక వొసే అయ్యారు. బ్రెజిల్‌లో అదీ బరువై 'సే' అంటున్నారు. మా మహారాజరాజశ్రీ కూడా మ.రా.రా.శ్రీగా చిక్కిపోయినవారే కనుక ఆ బాధ నాకు అర్థమవుతుంది.

నా ఫిర్యాదు వేరు. నేను పోర్చుగీసు నేర్చుకున్నది బ్రెజిల్ పాఠాలతో. అక్కడ చాలా ఇళ్లలో తల్లి బిడ్డనూ, బిడ్డ తల్లినీ వొసే అనే పిలుచుకుంటారు. ఆ ధైర్యంతోనే పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో మా ఇంటి యజమానురాలిని, పెద్దావిడను, వొసే అన్నాను. ఆవిడ ముఖం చూస్తే మన 'ఒసేయ్' వినిపించిందేమో అనిపించింది. 'వొసే అనేది గుర్రాల కొట్టం మాట' అని అక్కడి పెద్దలు పిల్లలను మందలిస్తారట. పోనీ 'తు' (నువ్వు) అందామంటే దానికి చనువుండాలి. 'సెన్యోర' (అమ్మగారు) అనాలి, చదువుకున్నవారైతే 'దొతోర' (డాక్టరుగారు) కూడా తగిలించాలి. కాదంటే ఎదురుగా కూర్చున్న మరియానే 'మరియాకు కాఫీ కావాలా?' అని అడగాలి. మొదటిసారి విన్నప్పుడు, గదిలో రెండో మరియా ఎక్కడుందా అని వెతికాను.

ఇక తిట్లు. 'రపరీగ' అంటే పోర్చుగల్‌లో అమ్మాయి; బ్రెజిల్‌లో చాలాచోట్ల ఆడదాని పరువు తీసే మాట. 'పూతు' లిస్బన్‌లో చిన్న కుర్రాడు. సముద్రం దాటితే బూతు. ఓడ ఎక్కినప్పుడు పిల్లలు, దిగేసరికి తిట్లు!

బ్రెజిల్‌లో మాత్రం తమరేమంత సాధువులు? ట్రాఫిక్ పోలీసు ఆపితే అక్కడి పెద్దమనిషి గర్జించే 'ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?' అనే వాక్యానికి పోర్చుగీసులో మొదటి మాట తమరే.

తమరి భాష మాకు మేస్త్రీని, ఆయాను ఇచ్చింది. అలా పిలిస్తే మా తెలుగువారెవరూ నొచ్చుకోలేదు. వాటితోపాటు తమరు ఓడెక్కనందుకు కృతజ్ఞతలు. నువ్వు, మీరు, తమరులతోనే మేము సతమతమవుతున్నాము.

ఇప్పుడు లిస్బన్ వారి కిటుకే పాటిస్తున్నాను: సర్వనామాన్ని ఎగ్గొట్టి క్రియతో సరిపెట్టడం. మా ఊళ్లో నువ్వనాలో మీరనాలో తేలని చుట్టాన్ని 'ఎక్కడిదాకా ప్రయాణం?' అని అడిగినట్టన్నమాట. పెద్దావిడ మళ్లీ పలకరిస్తున్నారు. అద్దె మాత్రం తగ్గించలేదు.

ఇట్లు,
తమరిని నోటి గడప దాటనివ్వని
ఒక అద్దెదారు