ఎవరి స్తంభం, ఎవరి షరతు?
ఆదివాసుల దగ్గర్నుంచి పట్టుకెళ్లిన వస్తువుల్ని వెనక్కి పంపితే పాడైపోతాయి, మ్యూజియంలోనే భద్రం అనేవాళ్లు కెనడాలోని హైస్లా తెగ స్తంభం సంగతి ఒకసారి చూడాలి. అయినవాళ్లను పోగొట్టుకున్న నాయకుడొకరు 1872లో చెక్కించిన తొమ్మిది మీటర్ల దేవదారు స్తంభాన్ని 1929లో తెగ వాళ్లకు చెప్పకుండానే నరికి స్వీడన్ పట్టుకెళ్లారు, అది స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉందని కనిపెట్టి ఏళ్ల తరబడి అడిగితే 2006లో గానీ చేతికి రాలేదు. అదీ ఊరికే రాలేదు, హైస్లా వాళ్లే అచ్చం అలాంటిదే ఇంకోటి చెక్కి ఇచ్చారు (మన సొత్తుకు మనమే బదులు కట్టాలట, భలే న్యాయం!). పైగా భవనంలో పెట్టి జాగ్రత్తగా కాపాడాలని మ్యూజియం షరతొకటి. హైస్లా వాళ్ల ఆచారంలో అయితే స్తంభం దానంతట అదే కూలి మట్టిలో కలిసిపోవాలి. అలా కలిసిపోతే పాడైనట్టు కాదు, దాని పని పూర్తయినట్టు. ఆ మాట చెప్పాల్సింది హైస్లా వాళ్లు, మ్యూజియం కాదు.