పెరుగు తినండి, కీళ్లవాతం మాత్రలు మానకండి

"పరగడుపున గిన్నెడు గడ్డపెరుగు తింటే అందులోని బ్యాక్టీరియా ఒంట్లోని వాపునంతా తీసేస్తుంది, నెల తిరిగేసరికి కీళ్లవాతం మాత్రలు ఆపేయవచ్చు" అనే సందేశం తిరుపతిలో మా కాలనీ గ్రూపులోకీ, బంధువుల గ్రూపులోకీ వస్తూనే ఉంది. తప్పని చెప్పినా పంపడం ఆగలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫ్రిజ్‌లో పెడితే పెరుగులోని బ్యాక్టీరియా చచ్చిపోతుందని ఆ సందేశంలోనే ఉన్న మాట తప్పు. చలికి వాటి పని మందగిస్తుంది, చంపేది వేడి. రాగిగిన్నెలో తోడుపెట్టమని అందులో ఇచ్చిన సలహా అసలు పాటించకూడదు. పులుపు తగిలితే రాగి చిలుము పడుతుంది.

అయితే వాపు మాట పూర్తిగా కల్పన కాదని ఒప్పుకోవాలి. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 10 వారాల పాటు పెరుగు, కెఫిర్ (పులియబెట్టిన పాల పానీయం), పులియబెట్టిన కూరగాయల వంటివి బాగా పెంచి పెట్టారు. ఆ జట్టువారి రక్తంలో వాపుకు సంబంధించిన 19 ప్రోటీన్లు తగ్గాయి. కీళ్లవాతంతో ముడిపడిన ఇంటర్‌ల్యూకిన్-6 కూడా వాటిలో ఉంది. ఇది మంచి ఫలితమే. కానీ వారు రోగులు కారు, తిన్నది ఒక్క పెరుగే కాదు, దేనికీ మందు మానలేదు. పైగా మన ఇళ్లలోని తోడులో ఏ రకం బ్యాక్టీరియా ఉంటుందో ఇంటింటికీ మారుతుంది. ఒక రకంలో కనిపించిన గుణాన్ని అన్నిటికీ అంటగట్టలేము.

నాకు నిజంగా కోపం తెప్పించేది మాత్రలు ఆపమనడం. రుమటాయిడ్ కీళ్లవాతంలో శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల పొరపై దాడి చేస్తుంది. దాన్ని అదుపు చేయకపోతే ఎముక కొరుక్కుపోతుంది, వంకరపోయిన వేళ్లు మళ్లీ మామూలు కావు. ఈ జబ్బుకు వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు పని తెలియడానికి కొన్ని వారాలు పట్టినట్టే, ఆపిన తర్వాత కూడా నొప్పి వెంటనే పెరగకపోవచ్చు. ఆ కొన్నాళ్ల హాయిని పెరుగు మహిమగా చెప్పుకుని ఇంకో పదిమందికి పంపుతున్నారు, ఈలోగా జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతుంది. స్టెరాయిడ్ మాత్రలైతే మరీ ప్రమాదం: నెలల తరబడి వాడినవారిలో మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా హార్మోను తయారుచేయడం తగ్గిస్తాయి, హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మంచం దిగడానికే అవస్థపడే పెద్దావిడకు ఈ సందేశం పంపేవారు ఆ ప్రాణానికి పూచీ పడతారా?

"మంచి బ్యాక్టీరియా ఎవరికీ, ఎంతైనా హాని చేయదు" అన్న ఆ సందేశంలోని చివరి వాక్యమూ నిజం కాదు. తీవ్రమైన క్లోమ వాపు (ప్యాంక్రియాటైటిస్) ఉన్న రోగులకు ప్రోబయోటిక్ మిశ్రమం, అంటే మంచి బ్యాక్టీరియా కలిపిన మిశ్రమం ఇచ్చి నెదర్లాండ్స్‌లో చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి: అది తీసుకున్నవారిలో 16 శాతం, తీసుకోనివారిలో 6 శాతం మరణించారు. అది ఆసుపత్రిలో ఇచ్చిన మిశ్రమం, మన సంగటిలో పోసుకునే మజ్జిగ కాదు. కానీ "ఎవరికీ" అన్న మాట తప్పని తేల్చడానికి అది చాలు.

ఇప్పటికే మాత్రలు మానేసినవారు పాత మోతాదును సొంతంగా మొదలుపెట్టకుండా, మందుల చీటీ తీసుకుని, ఏ రోజు ఆపారో దాచకుండా ఈ వారంలోనే డాక్టరుకు చెప్పాలి. ఆపింది స్టెరాయిడ్ అయితే ఈ రోజే వెళ్లాలి.