థాయ్‌లాండ్ ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చే ముందు

పుకెట్‌లో సముద్రం కనిపించే ఫ్లాట్, పూర్తి హక్కులతో మీ పేరునే అంటూ వచ్చే ప్రకటనలు ఇప్పుడు తెలుగువాళ్ల ఫోన్లలోకీ చేరుతున్నాయి. థాయ్‌లాండ్‌లో విదేశీయులు ఫ్లాట్ కొనుక్కోవడం చట్టబద్ధమే, అందులో అనుమానం అక్కర్లేదు. కానీ ఆ హక్కుకు ఒక హద్దు ఉంది. దాని గురించి డబ్బు తీసుకోక ముందే చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. చెప్పనివాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దన్నది మా మాట.

ఒక కండోమినియంలోని (ఫ్లాట్లను విడివిడిగా సొంతానికి అమ్మే అపార్ట్‌మెంట్ సముదాయం) ఫ్లాట్లన్నిటి విస్తీర్ణం కలిపితే, అందులో విదేశీయుల పేరున 49 శాతానికి మించి ఉండకూడదు. లెక్క ఫ్లాట్ల సంఖ్యను బట్టి కాదు, విస్తీర్ణాన్ని బట్టి. మొత్తం 10,000 చదరపు మీటర్లుంటే విదేశీయులకు 4,900 వరకే. ఆ కోటా నిండిపోతే, బిల్డింగులో ఇంకా ఎన్ని ఫ్లాట్లు ఖాళీగా ఉన్నా, అక్కడి ల్యాండ్ ఆఫీసులో మీ పేరున రిజిస్ట్రేషన్ జరగదు. విదేశీయులు ఎగబడి కొనే చోట్ల ఈ కోటానే ముందు అయిపోతుంది, అడ్డదారులు మొదలయ్యేదీ అప్పుడే.

'ఇదీ సొంతం లాంటిదే' అని లీజు అంటగడతారు. 30 ఏళ్లు, ఆ తర్వాత మరో 30, ఇంకో 30 అని ఒప్పందంలో రాసిస్తారు. థాయ్ చట్టం ప్రకారం లీజు 30 ఏళ్లకు మించడానికి లేదు, తర్వాతి పొడిగింపులు ముందే రాసిచ్చారు కదా అని వాటిని నమ్ముకుని జీవితకాలపు పొదుపు పెట్టడం చాలా పెద్ద రిస్క్. ఇంతకంటే ప్రమాదమైన దారి కంపెనీ పేరున కొనడం. ఆ కంపెనీ థాయ్‌వాళ్లదే అనిపించేలా 51 శాతం వాటా థాయ్ పౌరులదని కాగితం మీద చూపిస్తారు, వాళ్లు మాత్రం పైసా పెట్టరు, పేరు మాత్రమే ఇస్తారు. మనం బినామీ అనేది దీన్నే. అక్కడ ఇది నేరం, పుకెట్, కో సముయ్ లాంటి చోట్ల ఇలాంటి కంపెనీల మీద అధికారులు విచారణలు జరుపుతున్నారు కూడా. కేసు పడితే చిక్కుకునేది కొన్నవాళ్లే.

డబ్బు పంపే దారి కూడా అంతే ముఖ్యం. మామూలుగా మనలాంటివాళ్లు విదేశీ కరెన్సీలో బయటి నుంచి పంపి, థాయ్‌లాండ్‌లోని బ్యాంకులో అక్కడి కరెన్సీ బాట్‌లోకి మార్చుకుని, ఆ బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని ల్యాండ్ ఆఫీసులో చూపించాలి. హవాలాలోనో, తెలిసినవాళ్ల చేతికి నగదు ఇచ్చో పంపితే ఆ పత్రం రాదు, అది లేకపోతే రిజిస్ట్రేషన్ లేదు. మన వైపు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. కొన్న ఫ్లాటును ఇక్కడి ఆదాయపు పన్ను రిటర్నులో చూపించకపోతే 10 లక్షల రూపాయల జరిమానా దాకా పోవచ్చు. ఇవేవీ బ్రోచర్లో ఉండవు.

అసలు ఈ 49 శాతం హద్దే అన్యాయం అనేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. 1991లో థాయ్‌లాండ్ ఈ కోటాను 40 శాతంగా పెట్టింది, 1997 ఆర్థిక సంక్షోభం దెబ్బకు 1999లో 49 చేసింది, కొన్ని ప్రాంతాల్లో ఐదేళ్ల పాటు అంతకు మించి కూడా అనుమతించింది. 2022లో, 4 కోట్ల బాట్ పెట్టుబడి పెట్టే విదేశీయులు ఒక రై (సుమారు 40 సెంట్లు) భూమి కొనుక్కోవచ్చని అప్పటి ప్రధాని ప్రయుత్ ప్రభుత్వం ప్రతిపాదిస్తే, దేశాన్ని అమ్మేస్తున్నారని జనం మండిపడ్డారు, వెనక్కి తీసుకోక తప్పలేదు. 2024లో అప్పటి ప్రధాని స్రెట్టా ప్రభుత్వం కోటాను 75 శాతానికి, లీజును 99 ఏళ్లకు పెంచే విషయం పరిశీలించమన్నప్పుడూ అదే వ్యతిరేకత వచ్చింది. తమ ఊళ్లో ఇల్లు తమకే అందకుండా పోతుందన్న భయం న్యాయమైనది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్లు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేరు, ఆ నిబంధన సబబే అని మనం అనుకుంటున్నప్పుడు థాయ్‌వాళ్ల నిబంధననూ గౌరవించాలి కదా.

కాబట్టి కొనాలనుకునేవాళ్లు ముందుగా ఆ కండోమినియం నిర్వాహక సంస్థ నుంచి విదేశీ కోటా ఎంత మిగిలిందో చెప్పే లేఖ అడగండి. అది నెలల కిందటిది కాకుండా తాజాదై ఉండాలి, మీరు కొనే ఫ్లాట్ ఆ కోటాలోదే అని ఒప్పందంలోనూ రాయించుకోండి. రిజిస్ట్రేషన్ కాకపోతే డబ్బంతా తిరిగివ్వాలన్న షరతు కూడా ఉండాలి. మీరు పోయాక పిల్లలకు వచ్చే హక్కు గురించీ అక్కడి లాయర్ని అడగండి, ఎందుకంటే చట్టం చెప్పిన అర్హత లేని విదేశీ వారసులు ఏడాదిలోగా ఆ ఫ్లాట్ అమ్మేయాల్సి ఉంటుంది.

విదేశీ ప్రాజెక్టులు మన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి రావు. ఇక్కడి హోటళ్లలో ఎగ్జిబిషన్లు పెట్టి టోకెన్ అడ్వాన్సులు తీసుకునే ఏజెంట్ల మీద తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రంతో మాట్లాడి ఒక్క నిబంధనైనా తేవాలి: కోటా లేఖ చూపించనిదే అడ్వాన్స్ తీసుకోకూడదు, తీసుకుంటే వడ్డీతో సహా తిరిగివ్వాలి.