మిర్రర్ ఉండగా భయమేల?

గుంటూరు బ్రాడీపేటలో ఆడిట్ ఆఫీసులకు కొదవ లేదు. ఏ ఆఫీసులో చూసినా బల్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన సర్వర్ ఒకటి ఉంటుంది. అందులో రెండు డిస్కులు. ఒకదానిలో రాసిందే అద్దంలో బొమ్మలా రెండోదానిలోనూ పడుతుంది, అదే మిర్రర్. సిస్టమ్స్ చూసే కుర్రాడు దాన్ని రెయిడ్ వన్ అంటాడు, యజమాని బ్యాకప్ అంటారు. పెద్దవారిని సరిదిద్దడం మర్యాద కాదు. క్లయింట్ల లెక్కల ఫోల్డర్‌ను ఎవరైనా పొరపాటున చెరిపేస్తే, రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిపేసే నిబద్ధత ఇంకే బ్యాకప్‌కు ఉంది చెప్పండి! 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు కూడా ఒకే డబ్బాలో ఉన్న డిస్కుల మధ్య నీళ్లు ఏ తేడా చూపలేదు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ఆ రెండు డిస్కులనూ జతగా నడిపే రెయిడ్ కార్డుతోనే. అది ముసలిదైంది. రేపు కార్డు పోతే, డిస్కులు నిక్షేపంగా ఉన్నా వాటిని చదవడానికి చాలాసార్లు అదే కంపెనీ, అదే కోవ కార్డు కావాలి. విజయవాడ గవర్నరుపేట షాపులన్నీ తిరిగినా దొరక్కపోవచ్చు. అందుకే కుర్రాడు లైనక్స్‌లో ఎండీఏడీఎం అనే ప్రోగ్రామ్‌తో, కార్డు లేకుండానే ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ రెయిడ్‌కు మారదామన్నాడు. డిస్కులు తీసి ఏ మామూలు మదర్‌బోర్డుకు తగిలించినా పనిచేస్తాయి, కార్డు ఖర్చు ఉండదు అని కూడా అన్నాడు. ఖర్చు ఉండదన్న మాట తర్వాత యజమానికి ఇంకేమీ వినపడలేదు.

వినపడనిది ఇదీ. ముందు డేటా మొత్తం బయటి డిస్కులోకి తీసి, అది నిజంగా తెరుచుకుంటోందో చూడాలి. రెండు డిస్కులకూ స్మార్ట్ లాంగ్ టెస్ట్, అంటే డిస్కు తన ఆరోగ్యం తానే పూర్తిగా చూసుకునే పరీక్ష, పెట్టాలి. తర్వాత ఒక డిస్కు విడదీసి, పాత కార్డు గుర్తులు చెరిపి, రెండో స్థానం ఖాళీ అని చెప్పి దాని మీద సగం అర్రే, అంటే ఒక్క డిస్కుతోనే కొత్త జత, కట్టాలి. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో డేటా నింపి, సర్వర్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ వేసి, దాని మీదే సర్వర్ లేస్తోందని తేల్చుకున్నాకే పాత డిస్కు తుడిచి కలపాలి. కలిపాక గ్రబ్ దాని మీదా వేయాలి, లేకపోతే మొదటి డిస్కు పోయిన రోజు డేటా ఉంటుంది, సర్వర్ లేవదు. నాలుగు టీబీ డిస్కయితే సెకనుకు 150 ఎంబీ వేగంతో నడిచినా జత కుదరడానికి ఏడు గంటల పైమాటే. అంతసేపూ ఆఫీసు బతుకంతా ఒక్క డిస్కు మీదే. దాన్నే మొదటి నుంచి చివరిదాకా చదివిస్తారు. అదీ, రెండోదీ ఒకే రోజు కొన్నవి.

"రెండున్నాయిగా అబ్బాయ్, మళ్లీ మూడోది దేనికి?" అన్నారు యజమాని. నా ఓటు ఆయనకే. బయటి డిస్కు కొనడమంటే మిర్రర్‌ను అనుమానించడమే. ఇన్నేళ్లు నమ్మకంగా తిరిగిన డిస్కును అలా అవమానించడం భావ్యమా? స్మార్ట్ టెస్ట్ కూడా వద్దన్నారు. చూపిస్తేనే కదా రోగం బయటపడేది!

బయటి డిస్కు కొటేషన్ మీద అడ్డగీత పడింది. ముహూర్తం మాత్రం సెప్టెంబరు 29 సాయంత్రం అని ఆయనే ఖాయం చేశారు. మర్నాటితో టాక్స్ ఆడిట్ గడువు ముగుస్తుంది కాబట్టి ఆ రాత్రి స్టాఫంతా ఆఫీసులోనే ఉంటారట. ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి మనుషులకు లోటుండదు.