ఆ విస్తరి వరుసలో ఎందుకు పడలేదు?

గత నెల నరసన్నపేట దగ్గర మా ఊళ్లో జరిగిన ఒక పెదకర్మ భోజనాల్లో అందరి విస్తళ్లూ పందిరి కింద వరుసగా వేసి, ఒకామెకు మాత్రం పశువుల శాల పక్కన విడిగా వేశారు. నీళ్లు పోసే కుర్రవాడు తన చెంబు ఆమె గ్లాసుకు తగలకూడదని జానెడు ఎత్తు నుంచి పోశాడు. ఆమెకు హెచ్ఐవీ ఉందని ఊరంతటికీ తెలుసు. నోరు మెదపకుండా తిని లేచినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా ప్రాంతం నుంచి ఎందరో వెళ్లినట్టే ఆమె భర్త కూడా పనికోసం వలస వెళ్లి, జబ్బుతో తిరిగివచ్చి చనిపోయాడు. ఆయనను ఊరు ఇప్పటికీ మంచివాడనే అంటుంది; ఆయన వల్ల జబ్బు తెచ్చుకున్న ఆమెను మాత్రం మొగుణ్ని మింగిందని అంటుంది.

చెంబు వల్ల, కంచం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల, దోమకాటు వల్ల హెచ్ఐవీ రాదని బడిపిల్లలకు కూడా తెలుసు. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే మందులను ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. మానకుండా వాడుతూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా అది మరొకరికి సోకదు. అంతటి మందు చేతిలో ఉన్నా ఆమె దాన్ని దొంగసొత్తులా దాచుకుని మింగవలసి వస్తోంది. తెలిసినవారు ఎదురుపడతారన్న భయంతో ఈ మందులిచ్చే దగ్గరి ఏఆర్‌టీ కేంద్రాన్ని వదిలి, రెండు బస్సులు మారి విజయనగరం వైపు వెళ్తుంది. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను, సీసా మీది కాగితం గోటితో గీకేసి ఉంది, లోపల మాత్రల మీద దూది కుక్కి ఉంది. ఎందుకని అడిగితే, "బస్సులో సప్పుడవుతాది బాబూ, అందికే దూదెట్టినాను" అంది. చుట్టాల ఇంట్లో పెళ్లికి వెళ్లిన రెండు రోజులు సీసా తీసే చాటు దొరక్క మాత్ర మానేసిందట. మాత్ర తరచూ తప్పితే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. ఆ ముప్పు తెచ్చిపెడుతున్నది మన చూపులే.

ఉద్యోగంలో, బడిలో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో ఇలాంటి వివక్ష చూపకూడదని 2017లో చట్టం చేశారు, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. బాధితుల పేరు బయటపడకుండా విచారణ జరిపే వీలు కూడా అందులో ఉంది. కానీ నాలుగు వీధుల ఊళ్లో పేరు దాచి ప్రయోజనమేమిటి, పెదకర్మ పందిరి దగ్గరికి ఏ అధికారి వస్తాడు? అక్కడ మాట్లాడవలసింది ఆ వరుసలో కూర్చున్న మేమే.

రాబోయే అమ్మవారి సంబరాల భోజనాల్లో ఆమె విస్తరి నా పక్కనే వేయాలని మా ఊరి పెద్దలను ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి అడిగాను. ఇద్దరు సరేనన్నారు. మిగిలినవారు ఇంకా జవాబు చెప్పలేదు.