సూది మందే బలమైనదన్న ప్రచారంలో నిజమెంత?

“ఇంజెక్షన్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి మాత్ర కంటే బలంగా పనిచేస్తుంది, మాత్ర కడుపును పాడుచేస్తుంది, సూది చేయదు, నీరసానికి ఒక సెలైన్ ఎక్కిస్తే చాలు” అన్న సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. వార్డులో రోగి బంధువులు ఈ మాటలే అంటుంటే నర్సింగ్ విద్యార్థులు కూడా తలూపుతున్నారు కనుక, ఒక్కొక్కటిగా పరిశీలించక తప్పదు.

నేరుగా రక్తంలో కలిసేది సిరలోకి ఇచ్చిన మందు మాత్రమే. భుజానికో పిరుదుకో వేసిన మందు కండరంలో నిలిచి, అక్కడి రక్తప్రసరణను బట్టి క్రమంగా రక్తంలోకి చేరుతుంది. ఆందోళనకూ మూర్ఛకూ వాడే డయాజిపామ్‌నే తీసుకుంటే, కండరంలోకి ఇచ్చినప్పుడు అది ఎంత వేగంగా చేరుతుందో నమ్మకంగా చెప్పలేం. నోటి ద్వారా ఇచ్చినదే తరచుగా ముందు చేరుతుంది. ఇచ్చిన మోతాదులో రక్తప్రసరణకు చేరే భాగాన్ని బయోఅవైలబిలిటీ అంటాం. లెవోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ మాత్రలకు అది దాదాపు నూరు శాతం కాబట్టి, మింగగలిగి, పేగులు సక్రమంగా పనిచేస్తున్న రోగికి అవే మందులను సూదిగా ఇవ్వడం వల్ల సాధారణంగా అదనపు లాభం ఉండదు. ఇన్సులిన్ సంగతి వేరు, అది జీర్ణరసాలలో విచ్ఛిన్నమైపోతుంది. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పేగుల నుంచి రక్తంలోకి దాదాపుగా చేరదు. వాంతులు ఆగని రోగికి, స్పృహలో లేని రోగికి కూడా సూదే మార్గం. నిర్ణయించవలసినవి మందు స్వభావమూ రోగి స్థితీ తప్ప సూదికి ఉందనుకునే బలం కాదు.

సూది కడుపును పాడుచేయదన్న రెండో మాట మరింత ప్రమాదకరం. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లకు కారణమయ్యేది ప్రధానంగా మాత్ర జీర్ణాశయపు గోడను తాకడం వల్ల కాదు. ఆ గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల ఉత్పత్తిని రక్తంలోకి చేరిన మందు తగ్గించడం వల్ల. సూదిగా ఇచ్చినా ఆ పని జరిగి తీరుతుంది. అల్సర్ ఉన్న రోగికి “సూదే కదా” అని డైక్లోఫెనాక్ ఇవ్వడం రక్తస్రావాన్ని కొనితెచ్చుకోవడమే.

సెలైన్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో ఉండేది నీరూ, 4.5 గ్రాముల ఉప్పూ, శక్తి సున్నా. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ అయితే 25 గ్రాముల చక్కెర, అంటే రెండు ఇడ్లీలపాటి శక్తి. గుండె లేదా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అనవసరంగా ఎక్కించిన ద్రవం ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

ఆ సందేశం చెప్పనిది కూడా ఉంది. సూదితో లోపలికి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. అందుకే రోగి చేతనే పేరు చెప్పించుకోవాలి, అలర్జీ ఉందా అని అడగాలి, ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) మీది పేరునూ గాఢతనూ మందుల షీటుతో సరిచూడాలి, తీవ్రమైన అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ అందుబాటులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. సూదితో వ్యాధులు సోకే ముప్పూ ఉంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి ప్రబలి ఎందరో మరణించారు.

డాక్టరు మాత్ర రాసినప్పుడు, బంధువులు ఎంత బతిమాలినా, నర్సు తనంతట తాను దానిని సూదిగా మార్చితే అది మందు ఇవ్వడంలో తప్పిదమే అవుతుంది. వారి కోరికను డాక్టరు దృష్టికి తీసుకెళ్లి, నర్సుల నోట్స్‌లో రాసి, రాసిన మాత్రనే ఇవ్వాలి.